అడుగు తగలని చోటు

విజయవాడ కాలేజీలో జాగ్రఫీ చెప్పే శాంభవి, లోతు కొలవడానికి మార్చిలో ఒక సాయంత్రం కొల్లేరులో పడవెక్కింది. ఎక్కడ చూసినా నడుము లోతే. చీకటి పడుతుండగా ఒకచోట మాత్రం వెదురు గెడ ఆమె పిడికిలి దాకా దిగిపోయినా అడుగు తగల్లేదు. అప్పటిదాకా గోల చేస్తున్న పక్షులన్నీ ఒక్కసారిగా సద్దుమణిగాయి.

“గెడ వదిలేయండి మేడమ్, పోదాం,” అన్నాడు పడవ నడిపే సైదావలి, గొంతు తగ్గించి.

అంతలో కింద నుంచి ఎవరో గెడను మెల్లగా లాగారు. చేప తగిలితే గెడ అదురుతుంది. ఇది అదరలేదు. శాంభవి మోకాళ్లు పడవ అంచుకు ఆనించి, రెండు చేతులా బిగించి పట్టుకుంది.

“ఇక్కడ లోతు లేదని ఇన్నేళ్లూ పాఠం చెప్పానండీ. ఏముందో చూడకుండా రేపు క్లాసులోకి ఏ మొహంతో వెళ్లను?” అంది.

బలమంతా పెట్టి లాగింది. గెడ పైకి కదిలింది. దాన్ని పట్టుకున్నదీ దానితోపాటే రాసాగింది. ఆమె వదల్లేదు.