గరిటె చప్పుడు

నేను కోతలరాయుణ్ణే గానీ, దీనికి మా ఆవిడే సాక్షి.

కాపురం పెట్టుకుని తిరిగే మా వ్యాను పైకప్పు మూడు రాత్రులుగా కారుతోంది. “ఇవాళ కూడా పరుపు తడిస్తే పొద్దున్నే బండి వెనక్కి తిప్పు. సముద్రం నాకు రాసిపెట్టి లేదనుకుంటా,” అంది. సముద్రం ఇంకో పూట ప్రయాణమే.

వాన తెరిపివ్వగానే ఆ చీకటి మైదానంలో టార్చి పట్టుకుని నిచ్చెన వేసి పైకెక్కాను. ఆవిడ లోపలినుంచి గరిటెతో తట్టిన చోట నేను పగుళ్లు పూడ్చే సీలెంటు పూయాలి. రెండుసార్లు తడితే, ఆగింది, దిగిరా అని.

గరిటె టక్కుమంది. పరుపుకు సరిగ్గా పైన కాదు, బారెడు ముందు. వేలు పెట్టి చూస్తే అక్కడే సన్నటి పగులు! పూసేశాను.

“భలే పట్టావే!” అని కేకేశాను.

“పట్టుకోకపోతే నిచ్చెన జారదూ?” కిందనుంచి వినబడింది. “నేనసలు లోపలికి వెళ్తేగా!”

నిచ్చెన దిగాను. వాన మళ్లీ అందుకుంది. ఆవిడ బయటికొస్తూ తాళం వేసిన వ్యానులో గరిటె రెండుసార్లు మోగింది.

ఆవిడ కిటికీలోంచి టార్చి వేసింది. కారే నీళ్లకని పరుపు మీద ముందే పెట్టిన పళ్లెంలో ఒక్క చుక్క లేదు. చాలాసేపు తడుస్తూ నిలబడి, చివరికి తాళం తీసింది.

“పద. రేపు ముగ్గురం సముద్రం చూద్దాం.”