గవ్వకు దొరికిన వేరు

ఒక పెరట్లో గవ్వ అనే తెల్లపిల్లి తన కూనతో కాపురముండేది. వేటకు బద్ధకించి రోజూ మెత్తటి పాలన్నమే తినేది. దాంతో పళ్లకు పాచి పట్టి నోరు కంపు కొట్టసాగింది. ఆ సంగతి గవ్వకు తెలియదు. దాని ఎంగిలి మెతుకులకు ఆశపడే కాకి మాత్రం, "నువ్వు నోరు తెరిస్తే మల్లెలు పూసినట్టుంటుంది వదినా" అంటూ ఉండేది.

ఒకనాడు గవ్వ కూన ఒళ్లు నాకబోతే అది మొహం తిప్పుకుని, వెళ్లి అదే పెరట్లో ఉండే మేక పక్కన పడుకుంది.

"నా బిడ్డకు ఏం నూరిపోశావు?" అని గవ్వ మేక మీదికి వెళ్లింది.

"నేనేమీ అనలేదు చెల్లెమ్మా. నీ నోటి కంపు ఓర్చుకోలేక వచ్చింది. గోడవార కుప్పింట మొక్క ఉంది, పిల్లులకు అదంటే ప్రాణం. దాని వేరు పీకి బాగా నములు" అంది మేక.

"కాకి మల్లెలంటుంటే నువ్వు కంపంటావా?"

"కాకికి నీ ఎంగిలి కావాలి. నీ గిన్నెతో నాకేం పని?"

గవ్వ విసురుగా వెళ్లిపోయింది. కానీ కూన లేని పక్క బోసిగా తోచింది. సిగ్గు చంపుకుని వేరు తవ్వి కొరికింది. కొరికేకొద్దీ హాయిగా ఉండి, నేల మీద దొర్లుతూ నమిలింది. రోజూ నమిలేసరికి పాచి ఊడి పళ్లు తెల్లబడ్డాయి.

ఒక ఉదయం కూన తల్లి మూతి వాసన చూసి, "అమ్మా, ఏం తింటున్నావు? నాకూ పెట్టవూ?" అంది.

గవ్వ దానికో ముక్క ఇచ్చి మేకను పిలిచింది.

"అక్కా, ఇంకో మొక్క ఎక్కడుందో చూపించవూ? ఇది మా ఇద్దరికీ చాలదు."