రెండో దీక్ష

“మళ్లీ వచ్చావా?” తలుపు సగమే తీసి అడిగింది హిల్డా.

“వచ్చాను. రెండో దీక్ష ఇస్తారా, ఇవ్వరా?” వాకిట్లో వానలో నిలబడే అడిగింది కెరెన్సా. ఒక కాలికి బూటు ఉంది, రెండో కాలికి కట్టు ఉంది.

ఇంగ్లండు కొసన ఆ కార్న్‌వాల్ పల్లెలో, ప్రకృతి దేవతనీ మంత్రాలనీ నమ్మే విక్కా మతస్థుల మండలికి హిల్డా పెద్ద. మొదటి దీక్ష తీసుకున్నవాళ్లు పౌర్ణమికి వచ్చి, వలయం గీసి, కొవ్వొత్తులు వెలిగించి, దేవతకు దండం పెట్టి, కేకు తిని ఇళ్లకు పోతారు. కెరెన్సాకి అది చాలలేదు. ఉప్పు ఎందుకు, దిక్కుల్లో ముందు తూర్పునే ఎందుకు పిలవాలి, పనిచేసేది మంత్రమా మనసా అంటూ పెద్దల ప్రాణాలు తోడేసేది.

“బస్సులు ఆపేశారన్నారే?”

“నడిచొచ్చాను.”

“వాగు పొంగిందిగా?”

“పై వంతెన మీంచి తిరిగొచ్చాను. కాలు అక్కడే బెణికింది.”

హిల్డా భుజం మీంచి డెంజిల్ ముసలాయన తొంగి చూశాడు. “నీకు జ్వరమని మీ అమ్మ చెప్పిందే పిల్లా?”

“ఉంది తాతా. కావాలంటే ముట్టుకు చూడు.”

“ఇంత పంతం ఏంటే నీకు?” హిల్డా విసుక్కుంది. “వచ్చినదాంతో సరిపెట్టుకోరాదూ? మేమంతా సరిపెట్టుకోలేదూ?”

“కొవ్వొత్తి వెలిగించడం మా చెల్లికీ వచ్చు. నాకు దాని లోతు కావాలి. ఇవాళ పొమ్మంటే పోతాను. వచ్చే పౌర్ణమికి మళ్లీ వస్తాను. పాక్కుంటూ అయినా వస్తాను.”

ఆ మొండితనం చూస్తే ఒళ్లు మండుతుంది, ముచ్చటా వేస్తుంది. హిల్డా డెంజిల్ వైపు చూసింది. ఆయన నేలచూపులు చూశాడు. లోపల కూర్చున్నవాళ్లు టీ కప్పులు కింద పెట్టేశారు. చివరికి హిల్డా తలుపు బార్లా తెరిచింది.

“రా లోపలికి. ఇస్తాం.”

కెరెన్సా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “నిజంగానా?”

“నిజంగానే. కానీ ముందు నువ్వు మాకో సంగతి చెప్పాలి.”

“అడగండి.”

హిల్డా ముఖం ఎర్రబడింది. గొంతు తగ్గించింది.

“నువ్వీ గడప తొక్కకూడదని చలికాలం నుంచీ ప్రతి పౌర్ణమికీ మేమంతా వలయంలో కూర్చుని మంత్రం వేస్తున్నాం. ఎక్కడ తప్పుతున్నామో కాస్త నేర్పి పుణ్యం కట్టుకో తల్లీ!”