మూడు నెలలకోసారి

"చిలకమ్మగారు బతికే ఉన్నారా?"

గుమ్మంలో నిలబడ్డ మనిషి అడిగాడు.

చేపలకు ఉప్పు పట్టిస్తున్న దేవి చేయి ఆగిపోయింది.

అమ్మకు అన్నవాహికలో క్యాన్సర్ గడ్డ కోసి తీసి మూడు నెలలు. మళ్లీ వస్తుందేమోనని, ఆమె దగ్గినా దేవికి గుండె జారుతుంది. అలాంటిది, ఎవడో యారాడ కొండ దిగి వచ్చి ఈ మాట అడుగుతాడా?

"ఉండదేటి? నువ్వెవురివి?"

"జ్ఞానదాసునమ్మా, ఆసుపత్రి నుంచి. రోగంతో పోరాడే జన్యువులు ఒంట్లో కొన్ని ఉంటాయి. కోసిన గడ్డలో వాటిని చూసి, ఎవరు నిలుస్తారో ముందే చెప్పగలమా అని డాక్టర్లు పరీక్షిస్తున్నారు. ముక్క తీసుకోవడానికి మీ అమ్మగారు వేలిముద్ర వేశారు. తర్వాత మనిషి ఉన్నారో లేదో తెలిస్తేనే అది తేలుతుంది."

"మా అమ్మ నిలుస్తాదా?"

"అది ఇంకా ఎవరికీ తెలీదమ్మా."

కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లిపోయాడు.

"బతికున్న మనిషిని అలా అడిగితే కీడే," అంది పక్కింటి కాశమ్మ. "మళ్లొస్తే గుమ్మం ఎక్కనీకు."

మూడు నెలలకు మళ్లీ వచ్చాడు. మళ్లీ అదే ప్రశ్న.

దేవి చేపలు కడిగిన నీళ్లు అతని కాళ్ల మీద కుమ్మరించింది.

అతను చెప్పులు విదిలించుకున్నాడు. "అన్నం మింగుతున్నారా?"

"నీకెందుకు?"

లోపల చిలకమ్మ నవ్వింది. "నాను సచ్చానో లేదో సూడ్డానికి నాకో మనిషున్నాడే. నీకెవుడున్నాడు?"

నవ్వు దగ్గులోకి తిరిగింది. ఎంతకీ ఆగలేదు.

అతని ముఖం మారింది. "కుట్టిన చోట బిగుసుకుంటోందమ్మా. రేపే తీసుకురండి."

దేవి తలుపు మూసేసింది.

మూడో రోజుకు చిలకమ్మకు నీళ్లూ దిగలేదు. ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తారు. డాక్టరు గొట్టం పంపి దారి వెడల్పు చేశాడు. రోగం తిరిగి రాలేదని, కుట్ల దగ్గర బిగిసిందంతేనని చెప్పాడు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే కష్టమయ్యేదన్నాడు.

దేవి రోజులు లెక్కపెట్టింది. ఈసారి జ్ఞానదాసుకు కుర్చీ వేసి, టీ ఇవ్వాలి.

వచ్చింది అతను కాదు. ఆసుపత్రి నుంచి ఫ్లోరెన్స్ అనే అమ్మాయి.

"మా అమ్మ సేపలమ్మడానికి ఎల్లింది. రాసుకోమ్మా," అంది దేవి. "జ్ఞానదాసుగారు రాలేదేటి? కుట్లు బిగుస్తాయని డాక్టరు కంటే ముందే సెప్పారు. పెద్ద సదువేటి ఆయనది?"

ఫ్లోరెన్స్ కాగితం మీద నుంచి తలెత్తింది.

"ఆయన మా ఉద్యోగి కాదండి. మీ అమ్మగారిలాగే అన్నవాహిక కోయించుకుని, ఆ పరీక్షకు గడ్డ ముక్క ఇచ్చిన మొదటి రోగి. మిగతావాళ్ల ఇళ్లకు తిరిగే పని తనే అడిగి తీసుకున్నారు. తన కోసం ఎవరూ తిరగక్కర్లేదని నెలనెలా తనే వచ్చి, 'నేనింకా ఉన్నాను, రాసుకోండి' అనేవారు."

కలం మూత పెట్టింది.

"ఈ నెల వాళ్లావిడ వచ్చింది."