ఓడినవాళ్ళే చెప్పాలి

మెకానిక్ ముందున్న తెర మూడోసారి నీలంగా మారి, మెషీన్ కిక్కురుమనకుండా ఆగిపోయింది. పక్క బల్ల మీద ఓనరు కూతురి మెషీన్ మాత్రం ఐదు గిగాహెర్ట్జ్ దగ్గర పిల్లికూనలా సన్నగా గురగురమంటూ నడుస్తోంది.

"ఓడిపోయావు. వెళ్ళి నాన్నకి చెప్పు" అందామె.

పందెం అదే మరి. ఇద్దరికీ పెళ్ళి చేసుకోవాలని ఉంది. ఆ ముక్క పెద్దాయన చెవిన వేసే ధైర్యం మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ లేదు. దుకాణం అద్దాల్లో ప్రదర్శనకు పెట్టడానికి రెండు కంప్యూటర్లు బిగించాలని ఆయన నిన్న చెప్పగానే ఆమెకు ఉపాయం తట్టింది. చెరొకటి బిగించి, ప్రాసెసర్ వేగం పెంచుకుంటూ పోవాలి. ఎవరిది ముందు మొరాయిస్తే వాళ్ళు వెళ్ళి ఆయనకు చెప్పాలి.

అతను పట్టు వదలకుండా ఇంకోసారి చూశాడు. వోల్టేజి ఓ పిసరు పెంచాడు. ఫ్యాను హోరెత్తింది. వేడి తొంభై డిగ్రీలు దాటింది. తెర మళ్ళీ నీలమైంది. నాలుగున్నర గిగాహెర్ట్జ్ దాటి ఒక్క అడుగు కూడా వెయ్యనని భీష్మించుకుంది. ప్రాసెసర్లు వచ్చిన రెండు పెట్టెల మీదా ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే నంబరు. ఆమె చేతిలో లేడి అయినది తన చేతిలో గాడిద ఎందుకైందో అతనికి అంతు చిక్కలేదు.

చివరికి అనుమానం వచ్చి, రెండు తెరల మీదా ప్రాసెసర్ వివరాలు తెరిచి పక్కపక్కన చూశాడు. స్టెప్పింగ్ అని రాసి ఉన్న ఒక్క చోట తప్ప అన్నీ అచ్చు గుద్దినట్టు ఉన్నాయి.

"ఇది తొండి. నీది కొత్త రివిజన్. నాది మొట్టమొదట వచ్చింది" అన్నాడు.

"పేరొకటేగా. ఏడవకు."

"పేరుదేముంది? పుస్తకం రెండోసారి అచ్చేసేటప్పుడు లోపల తప్పులు దిద్దుతారు, అట్ట మార్చరు. ఇదీ అంతే. నీ చిప్‌లో లోపాలు సవరించారు. అదే పని తక్కువ కరెంటుతో, తక్కువ వేడితో చేసుకుపోతోంది. అందుకే పైకి లాగిన కొద్దీ వస్తోంది. నాది మామూలు నడక అయితే ఏళ్ళ తరబడి నడుస్తుంది గానీ, పరుగెత్తమంటే బోర్లా పడుతుంది."

"ఎంత బాగా చెప్పావు! ఇదే ఊపులో నాన్నకి కూడా చెప్పెయ్."

చిప్‌లు మార్చుకుని మళ్ళీ ఆడదామన్నాడు. ఆమె కుదరదంది. పోనీ ఇద్దరూ ఒకే చిప్ మీద వంతులవారీగా చూద్దామన్నాడు. ఆట సగంలో నియమాలు మార్చేవాణ్ణి నమ్మి రేపు కాపురం ఎలా చెయ్యమంటావని అడిగింది. దాంతో అతను లేచి ముందుగదికి నడిచాడు.

పెద్దాయన ముందుగదిలో కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, ఓ ల్యాప్‌టాప్ మూత కీలు విరిగితే కొత్తది బిగిస్తున్నాడు. అతను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. పిల్ల సంగతి దేవుడెరుగు, నోరు విప్పాక ఉద్యోగమైనా మిగులుతుందో లేదో తెలియదు. దారంతా కూడబలుక్కున్న మాటకు బదులు వేరే మాట ఊడిపడింది.

"సార్, పొద్దున మీరు స్టాకులోంచి తీసిచ్చిన చిప్‌లు రెండూ ఒకటి కావు. నాకొచ్చింది పాత స్టెప్పింగ్."

"తెలుసు" అన్నాడాయన, స్క్రూ తిప్పడం ఆపకుండానే.

తలుపు చాటు నుంచి వింటూ కిసుక్కుమంటున్న కూతురు ఠక్కున నోరు మూసుకుంది.

పెద్దాయన స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.

"నిన్న మీరు పందెం కట్టింది ఈ గోడకి అవతలేగా? మా అమ్మాయి ఓడితే ఇంకో ఆట అంటుంది, దానికి అంతుండదు. ఓడినా మాట మీద నిలబడి వచ్చేవాడివి నువ్వే. అందుకే ఆ పాతదాన్ని వెతికి మరీ నీ చేతిలో పెట్టాను. ఊఁ, ఇప్పుడు చెప్పు అల్లుడూ, ఏదో చెప్పాలని వచ్చావు."