తీరుబడి మామయ్య

అప్‌డేట్ మళ్లీ ఫెయిలయింది.

మేనేజరు మౌసును బల్ల మీద విసిరికొట్టాడు.

వారం నుంచి ఇదే తంతు. ఇంటి నుంచి కూడా కొంత పని చూడమని బ్యాంకు వాళ్లు అన్నారు. అప్‌డేట్ పడితే తప్ప ఆ పని ఈ కంప్యూటర్లో తెరుచుకోదు.

తనకు తెలియని విద్య ఒకటుంటుందని ఆయన ఏనాడూ ఒప్పుకున్న మనిషి కాదు. డిస్కులో జాగా చేశాడు. ఇంటర్నెట్ డబ్బా ఆపి మళ్లీ వేశాడు. యాంటీవైరస్ పీకేశాడు. అయినా మొదలవుతూనే చతికిలబడుతోంది.

"ఎవరో దీన్ని కెలుకుతున్నారు," అన్నాడు ఇల్లంతా వినబడేలా.

హాల్లో ఇంకో మనిషి ఒక్కడే ఉన్నాడు. మేనేజరు భార్యకు వరసకు బాబాయి. నాలుగు రోజులుండి పోతానని వచ్చి, రెండేళ్లు దాటినా ముందు గది వదల్లేదు. ఉద్యోగం లేదు, సద్యోగం లేదు. పొద్దున్నే అందరికంటే ముందు లేచి కంప్యూటర్ దగ్గర చేరతాడు. ఆ తర్వాత పాపతో బొమ్మలాట.

'తీరుబడి మామయ్య' అని పేరు పెట్టింది మేనేజరే. చుట్టాల ముందు కూడా అలాగే పిలుస్తాడు. పెద్దాయన నవ్వేసి ఊరుకుంటాడు. సిగ్గు లేనివాళ్లకు ఆ సుఖం ఉంటుందిలే అనుకుంటాడు మేనేజరు.

పాపకు ఏడేళ్లు. అన్నీ వింటుంది, అన్నీ తెలుస్తాయి. మాట మాత్రం రాదు.

ఆ కంప్యూటర్లో పాప కోసం బొమ్మల ప్రోగ్రాం ఒకటి పెట్టారు. గ్లాసు బొమ్మ నొక్కితే కంప్యూటరు "నీళ్లు" అంటుంది. మీసాల బొమ్మ నొక్కితే "నాన్నా" అంటుంది. సాయంత్రం మేనేజరు చెప్పులు విప్పుతున్న చప్పుడు వినగానే పాప పరుగెత్తుకెళ్లి మీసాల బొమ్మ నొక్కుతుంది. ఆ పిలుపు వినందే ఆయన కాఫీ కూడా ముట్టడు.

మొదట్లో భార్య అంది, "అది నెల్లాళ్లే ఉచితమటండీ. తర్వాత కొనుక్కోవాలట."

"బొమ్మలకు కూడా డబ్బు తగలేస్తారా ఎవరైనా? చూద్దాంలే."

నెల దాటింది. ప్రోగ్రాం నడుస్తూనే ఉంది.

"చూశావా, ఊరికే నడుస్తోంది. నీ మాట విని ఉంటే దండగయ్యేది," అన్నాడు.

కొన్నాళ్లకు ఆ కంపెనీయే మూతపడింది. ఆయన తన తెలివికి ఇంకాస్త మురిసిపోయాడు.

ఇప్పుడు మేనేజరు కళ్లు స్క్రీను మూల మీద పడ్డాయి. అక్కడ తేదీ రెండేళ్లు వెనక ఉంది.

"తేదీ తప్పుంటే అప్‌డేట్ ఎక్కడ పడుతుంది? మామయ్యా, ఇది మీ నిర్వాకమేనా?"

పెద్దాయన లేచి నిలబడ్డాడు. "నేనే అల్లుడు గారూ. రోజూ పొద్దున్నే వెనక్కి మారుస్తున్నాను."

"పనీపాటా లేకపోతే గోళ్లు గిల్లుకోండి. దీన్ని గిల్లడం దేనికి?"

"పాప కోసం..."

"చేసింది చేసి పసిదాని మీదకు తోస్తున్నారా?"

మేనేజరు మౌసు అందుకున్నాడు. పెద్దాయన ఓ అడుగు ముందుకు వేశాడు.

"తేదీ జోలికి పోకండి అల్లుడు గారూ. అది గాని అసలు తేదీ చూసిందంటే..."

"చూడ్డానికి దానికి కళ్లున్నాయా? నాకు పాఠాలు చెప్పేవాళ్లు తయారయ్యారు."

మేనేజరు తేదీ సరిచేశాడు. స్క్రీను అడుగున తెరిచి ఉన్న బొమ్మల ప్రోగ్రాం దానంతటదే మూసుకుపోయింది. మేనేజరు అది పట్టించుకోలేదు. పెద్దాయన చూశాడు.

భార్య వంటింట్లోంచి వచ్చింది. "బాబాయ్ ఏం చెప్తున్నాడో వినండి ముందు."

"విన్నది చాలు. తిని కూర్చుంటే సరేననుకున్నాను, ఇంట్లో వస్తువులు కూడా పాడుచేస్తే ఎలా? సంచి సర్దుకోమను."

ఆమె బాబాయి మొహంలోకి చూసింది. "ఏంటి బాబాయ్?"

"ఏం లేదమ్మా. ఇక చెప్పినా లాభం లేదు," అన్నాడాయన.

పాప తల నిమిరి, సంచి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు.

ఆ మధ్యాహ్నమే అప్‌డేట్ పూర్తయింది.

"శని వదిలింది," అన్నాడు మేనేజరు.

మర్నాడు సాయంత్రం ఆయన గుమ్మంలో చెప్పులు విప్పాడు. పాప పరుగెత్తింది. పిలుపు వినబడలేదు.

లోపలికెళ్లి చూస్తే పాప ప్రోగ్రాం గుర్తు మీద నొక్కుతూనే ఉంది. నొక్కిన ప్రతిసారీ ఒకటే చీటీలాంటి డబ్బా తెరుచుకుంటోంది. 'ఉచిత గడువు ముగిసింది.'

మేనేజరు గబగబా తేదీని రెండేళ్లు వెనక్కి మార్చాడు. అదే మాట. ఇంకా వెనక్కి మార్చాడు. అదే మాట. ఒకసారి అసలు తేదీ చూసేసిన ప్రోగ్రాం ఇక ఏ తేదీనీ నమ్మడం లేదు. కొందామంటే అమ్మేవాడు లేడు.

పాప ఆయన వేలు పట్టుకుని స్క్రీను మీద మీసాల బొమ్మ ఉండే చోట పెట్టి, ఎదురుచూస్తూ నిలబడింది.

రెండేళ్లుగా తనను రోజూ "నాన్నా" అని పిలిపిస్తూ వచ్చింది, తాను మెట్లు దింపేసిన తీరుబడి మామయ్యేనని మేనేజరుకు అప్పుడు తెలిసింది.