తేలిక చక్రం

“ఇంకా తేలిక చక్రాలా? అకగి కొండ మలుపుల్లో ఇంకా వేగంగా పోవడానికేగా!” గ్యారేజీలో మిసుజు భర్తను నిలదీసింది.

తకుమా కొత్త చక్రాన్ని ఎత్తి చూస్తున్నాడు. పొద్దున తనతో కారెక్కబోయిన భార్యను బస్సులో రమ్మన్నాడు. ఆ కోపం ఆమెకింకా చల్లారలేదు.

కారు చక్రం ఊడదీసిన ముసలి మెకానిక్ కురమోచి, లోపలివైపు వేలితో తడిమి ఆగిపోయాడు. జానెడు బీట.

“తేలికని చవకరకం కొన్నావు. దీనిమీదే కొండ దిగొచ్చావా నాయనా? ఇంకో రెండు మలుపులుంటే నిన్ను లోయలో వెతుక్కునేవాళ్లం.”

“వారంగా స్టీరింగ్ వణుకుతోంది. భయమేసింది తాతా. అందుకే ఈ గట్టిరకం వేయిద్దామని...”

తననెందుకు బస్సెక్కించాడో మిసుజుకు అప్పుడర్థమైంది. భర్త చొక్కా గట్టిగా పట్టుకుంది.

“నువ్వూ బస్సులో రావాల్సింది కదా, పిచ్చివాడా!”